సందెబొమ్మకు అర్థం నేల మీదే ఉంది

సాయంసంధ్యను గీసిన ప్రకృతి చిత్రం ఎదురుగా నిలబడితే మనలో చాలామందికి తోచేది ఒకటే: విషాదం. పొద్దు వాలిందంటే బతుకు వాలినట్టు, వెలుగు తగ్గిందంటే ఆశ తగ్గినట్టు చదువుకోవడం మనకు బాగా అలవాటైంది. పుస్తకాల అట్టల మీద, సంతాప ప్రకటనల వెనక, సినిమా చివరి దృశ్యాల్లో ఆ నారింజ రంగు ఆకాశం ఇదే పని చేస్తుంటుంది. ఈ అర్థం ఒక దేశంలో, ఒక కాలంలో బలపడి మన దాకా వచ్చిందన్న సంగతి మాత్రం గుర్తుకు రాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టూ ఉన్న నేలను, అక్కడి మాపటేళను ముందు పెట్టుకుని చూస్తే ఆ చదువు సరిపోదు. ఇక్కడి జనజీవితంలో పొద్దుగూకే వేళ ఒక గడప. ఆ కాసేపట్లో మనుషులు ఒకచోటి నుంచి మరోచోటికి, ఒక పని నుంచి మరో పనికి దాటుతారు. అందుకే సందెబొమ్మను చదివేటప్పుడు కన్ను ముందు ఆకాశం మీద కాక నేల మీద పడాలని, ఆ వెలుగు కింద ఎవరేం చేస్తున్నారన్న దాంట్లోనే అర్థం ఉంటుందని నా వాదన.

విషాదపు అర్థం ఎట్లా బలపడిందో ముందు చూద్దాం. ఇంగ్లండు చిత్రకారుడు టర్నర్ 1839లో ప్రదర్శించిన ‘ఫైటింగ్ టెమరేర్’ దీనికి పేరుమోసిన ఉదాహరణ. 1805 నాటి ట్రఫాల్గర్ యుద్ధంలో పాల్గొన్న తెరచాప ఓడను, దాని కాలం చెల్లాక 1838లో విడగొట్టడానికి ఆవిరి పడవతో లాక్కుపోయారు. అప్పటికే ఆ ఓడ స్తంభాలు ఊడదీసేశారు. టర్నర్ మాత్రం బొమ్మలో వాటిని మళ్లీ నిలబెట్టి, ఓడను వెన్నెలలాంటి తెలుపులో ముంచి, కుడివైపు మండుతున్న ఆకాశాన్ని పరిచాడు. చూసేవాళ్ల మనసు బరువెక్కడంలో వింతేమీ లేదు. అయితే ఆ బరువు ఓడ కథది. ఓడను తీసేసి అక్కడ పెళ్లివారి పడవను పెడితే అదే ఆకాశం పండగలా కనబడేది. అమెరికాలో ఫ్రెడెరిక్ చర్చ్ 1860లో ‘అరణ్యంలో మునిమాపు’ అనదగ్గ పెద్ద చిత్రం వేశాడు. అందులో మనుషులెవరూ లేరు. మరుసటి ఏడాదే ఆ దేశంలో అంతర్యుద్ధం మొదలైంది కాబట్టి ఆ ఎర్రటి మేఘాల్లో రాబోయే రక్తపాతాన్ని చదివినవాళ్లున్నారు. అక్కడ కూడా అర్థం బొమ్మ బయటి చరిత్ర నుంచి లోపలికి వచ్చింది. ఇక ఫ్రాన్సులో మిల్లే 1850ల చివర్లో వేసిన ‘ఏంజెలస్’ చూడండి. ఆలుగడ్డలు తవ్వుతున్న ఆలుమగలు సాయంత్రపు చర్చి గంట విని, పని ఆపి, తలలు వంచి నిలబడ్డారు. ఆ చిత్రంలో సంధ్య ప్రార్థనా సమయంగా నిలిచింది. పడమటి దేశాల్లోనైనా సందెవెలుగుకు ఒకే అర్థం లేదని చెప్పడానికి ఈ మూడూ చాలు.

వెలుగు నిడివిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. సూర్యుడు దిగంతం కింద 6 డిగ్రీల దాకా దిగే వరకు ఉండే వెలుగులో దీపం లేకుండానే బయటి పనులు చేసుకోవచ్చు. జగిత్యాల, కోరుట్ల సుమారు 18.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. సిరిసిల్ల ఇంకాస్త దక్షిణాన ఉంది. ఇక్కడ సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు కాబట్టి ఆ వెలుగు ఏడాది పొడవునా 22 నుంచి 24 నిమిషాలకు మించి ఉండదు. లండన్‌లో సూర్యుడు ఏటవాలుగా జారుతాడు. జూన్ నెలలో అక్కడ ఈ వెలుగు ముప్పావు గంటకు పైగా ఉంటుంది, ఆ తర్వాత కూడా ఆకాశం రాత్రంతా పూర్తిగా నల్లబడదు. అంత తీరుబడిగా కరిగిపోయే వెలుగు కింద కూర్చున్న మనిషికి గడిచిన దాన్ని తలుచుకునే వ్యవధి దొరుకుతుంది. మనకు ఆ వ్యవధి లేదు. మేకలను దొడ్లో తోలాలి, మోటరు బందు చేయాలి, పొయ్యి ముట్టించాలి, దీపం పెట్టాలి. ఇరవై నిమిషాల్లో ఇవన్నీ జరగాలి. చుట్టూ పని తొందర ఉన్నప్పుడు సంధ్య ధ్యానవస్తువు కావడం కష్టం, అది ఒక సంఘటన అవుతుంది. నిడివి ఒక్కటే అర్థాన్ని నిర్ణయిస్తుందని అనను. అర్థం ఎటు మొగ్గుతుందో అది కొంత చెబుతుంది.

మన పాత చిత్రశాస్త్రం ఈ విషయంలో ఆశ్చర్యం కలిగించేంత స్పష్టంగా ఉంది. విష్ణుధర్మోత్తర పురాణం మూడో ఖండంలోని చిత్రసూత్రం ఏ వేళను ఎట్లా చూపాలో చెబుతుంది. సూర్యోదయానికి వెలవెలబోయిన దీపాలు, పనుల్లో పడ్డ జనం. మధ్యాహ్నానికి ఎండకు తాళలేక నీడ వెతుక్కునే ప్రాణులు. సంధ్యకు ఎర్రదనంతో పాటు నియమంలో కూర్చున్న ద్విజులు. వెన్నెలకు విచ్చుకున్న కలువలు. ఎర్రదనాన్ని కాదనలేదు, కానీ దాన్ని ఒంటరిగా వదల్లేదు. దాని పక్కన మనిషి చేసే పనిని ఉంచింది. చాలా శతాబ్దాల తర్వాత, 18వ శతాబ్దం చివర హిమాలయ పాదాల్లోని పహాడీ చిత్రకారులు ఆవులతో వ్రేపల్లెకు తిరిగొచ్చే కృష్ణుణ్ణి వేశారు. ఇప్పుడు బోస్టన్ మ్యూజియంలో ఉన్న ఆ బొమ్మకు గోధూళి వేళ అనే పేరే స్థిరపడింది. అందులో టర్నర్ మంటలు లేవు, పొడుగుపాటి నీడలు లేవు. ద్వారంలోకి కిక్కిరిసి దూరుతున్న ఆవుల మంద, నీళ్లకుండలెత్తుకున్న ఆడవాళ్లు, కిటికీల నుంచి తొంగిచూసే ముఖాలు ఉన్నాయి. వేళ ఏదో మందే చెబుతుంది. అక్కడ సంధ్య అంటే తిరిగి రావడం, ఎదురుచూసినవాళ్ల ఎదురుచూపు తీరడం.

ఇప్పుడు మన నేలకు వద్దాం. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ధర్మపురి ఉంది. అక్కడి దేవుడు లక్ష్మీనరసింహస్వామి. నరసింహుడి కథంతా సంధ్య మీదే ఆధారపడింది. పగలు గానీ రాత్రి గానీ, ఇంటి లోపల గానీ బయట గానీ చావు ఉండకూడదని హిరణ్యకశిపుడు వరం కోరితే, పగలూ రాత్రీ కాని వేళ, లోపలా బయటా కాని గడప మీద స్వామి అతణ్ణి చీల్చాడు. అన్ని నియమాలూ ఆగిపోయి, అంతవరకూ అసాధ్యమైంది సాధ్యమయ్యే క్షణంగా సంధ్యను చూపిన కథ ఇది. ప్రహ్లాదుడి వైపు నుంచి చూస్తే ఆ సంధ్య విడుదల. సందెవేళ ఇల్లు ఊడ్వొద్దని, పడుకోవద్దని, తల దువ్వొద్దని పెద్దవాళ్లు చెప్పే కట్టుబాట్ల వెనకా ఇదే భావన ఉంది: ఆ వేళ ఏదైనా ఇంట్లోకి రావచ్చు, ఏదైనా పోవచ్చు, కాబట్టి మెలకువగా ఉండాలి. సిరిసిల్ల పక్కన వేములవాడలో రాజన్న ఉన్నాడు. త్రయోదశి నాటి ప్రదోషం శివుడికి ప్రీతి, ఆయన సంధ్యాతాండవం చేసే వేళ అది. ఆ గుడి ఆవరణలోనే ఒక దర్గా ఉంది. జగిత్యాల, కోరుట్ల వీధుల్లో పొద్దు కుంకగానే మగ్రిబ్ అజాన్ వినబడుతుంది, రంజాన్ నెలలో అదే నిమిషానికి ఉపవాసం విడుస్తారు. గుడి దీపం, మసీదు పిలుపు, ఇఫ్తార్ ఖర్జూరం అన్నీ ఆ ఇరవై నిమిషాల్లోనే సర్దుకుంటాయి. ఇంత జరిగే వేళను ఒక్క విషాదానికి కుదించడం ఆ వేళకే అన్యాయం.

ధర్మపురి గురించి చిత్రకారులకు పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. గోదావరి అక్కడ దక్షిణంగా పారుతుందని ప్రసిద్ధి, ఊరు పడమటి గట్టున ఉంది. అంటే రేవులో నది వైపు తిరిగి నిలబడ్డవాళ్లకు సూర్యాస్తమయం వీపు వెనక జరుగుతుంది. ఎదురుగా తూర్పు ఆకాశంలో, పొద్దు వాలిన కొద్ది నిమిషాలకు, దిగంతాన్ని ఆనుకుని బూడిద కలిసిన నీలపు పట్టీ లేస్తుంది. అది వాతావరణం మీద పడుతున్న భూమి నీడ. దాని మీద గులాబీ రంగు పట్టీ ఉంటుంది. గాలి నిర్మలంగా ఉన్న రోజున ఈ రెండు పట్టీలూ నీళ్లలో కూడా కనిపిస్తాయి. పోస్టుకార్డు సూర్యాస్తమయాలన్నీ పడమటి బొమ్మలే. ధర్మపురి రేవు నుంచి వేసే సందెబొమ్మ మాత్రం తూర్పు బొమ్మ కావాలి, అందులో సూర్యుడు ఉండడు, మండే నారింజ రంగు ఉండదు. రాత్రి పైనుంచి దిగడం కాక కిందినుంచి, నది అవతలి గట్టు నుంచి లేచి రావడం కనబడుతుంది. ఒక ఊరు ఏ గట్టున ఉందన్న చిన్న విషయం సంధ్య రంగులనే మార్చేసినప్పుడు, అన్ని ఊళ్లకూ ఒకే అర్థం ఎట్లా సరిపోతుంది?

బతుకమ్మ ఇంకా బలమైన ఆధారం. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై అష్టమి నాడు సద్దులతో ముగిసే ఈ పండుగలో ఆట అంతా సాయంత్రమే. చీకటి పడే వేళకు బతుకమ్మలను చెరువుకు తీసుకుపోతారు. ఏడాదిలో తెలంగాణ ఊళ్ల ఆడవాళ్లు అందరూ కలిసి బయట నిలబడి సంధ్యను గడిపే రోజులివి. చిత్రకారుడు ఇక్కడ ఆకాశాన్ని చూసుకుని వేయాలి. మొదటి రోజు చంద్రుడు ఉండడు. ఆ తర్వాత సాయంకాలం నెలవంక రోజురోజుకూ పెరుగుతూ వస్తుంది. సద్దుల నాటికి పొద్దు వాలేసరికి సగం చంద్రుడు దక్షిణపు ఆకాశంలో సగం ఎత్తున ఉంటాడు. బతుకమ్మ బొమ్మలో పున్నమి చంద్రుణ్ణి పెడితే అది తప్పు. పూల రంగులకూ లెక్క ఉంది. వెలుగు తగ్గుతున్నకొద్దీ మన కంటికి ఎరుపు ముందు నల్లబడుతుందని, నీలం, ఆకుపచ్చ సాపేక్షంగా వెలుగుతున్నట్టు కనిపిస్తాయని చెక్ శాస్త్రవేత్త పుర్కింజే 19వ శతాబ్దం తొలినాళ్లలో గమనించాడు. దాని ప్రకారం బతుకమ్మలో ముందు ఎర్రబంతి మసకబారుతుంది, తంగేడు పసుపు వన్నె తగ్గుతుంది, రంగు అద్దని తెల్ల గునుగు చివరిదాకా నిలుస్తుంది. చెరువు దగ్గర పూలు నీటిపాలయ్యే ఆ సాయంత్రం వీడ్కోలు ఉంది, నిజమే. కానీ మళ్లీ ఏడు రమ్మని పంపే వీడ్కోలు అది, తర్వాత సద్దులు పంచుకుని తినే వీడ్కోలు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. రంగులకు కన్ను స్పందించే తీరు మనుషులందరికీ ఒకటే కదా, ఎరుపు కరిగి నీలం చిక్కబడుతుంటే లండన్ వాడైనా కోరుట్ల వాడైనా లోపల ఏదో తగ్గుతున్నట్టు అనుభవిస్తారు కదా అని. కన్ను సంగతి నిజం. పొద్దు వాలేటప్పుడు కిరణాలు గాలిలో చాలా దూరం ప్రయాణిస్తాయి, దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. ఆ తర్వాత నడినెత్తిన నీలం చిక్కబడటంలో ఓజోన్ పొర పాత్ర కూడా ఉంది. ఈ భౌతికశాస్త్రానికి ఊరుపేరు లేదు. అయితే ఇదే ఎరుపు, ఇదే నీలం తిరుగు వరసలో తెల్లవారుజామునా కనబడతాయి. పక్కన సూచన ఏదీ లేకపోతే చాలా చిత్రాల్లో అది ఉదయమో సాయంత్రమో తేల్చి చెప్పలేం. ఆకాశం ఒక్కటే ఉన్న బొమ్మకు పేరుపలక చూసి గానీ మనం సంతోషించాలో బాధపడాలో తెలుసుకోలేకపోతున్నామంటే, ఆ భావం రంగులో లేదన్నట్టే. కన్ను ఇచ్చేది ఒక కదలిక మాత్రమే, ఆ కదలికకు పేరు పెట్టేది మన జీవనం.

రెండో అభ్యంతరం స్థానికమైనది, అందుకే నాకు మరింత ముఖ్యం. ఈ ప్రాంతపు చిత్రకళలో ప్రకృతి దృశ్యమే లేదు, ఇక సంధ్య ఎక్కడిది అని అడగవచ్చు. చేర్యాల నకాషీ పటం చూడండి. చింతగింజల గంజి, సుద్ద పట్టించిన బట్ట మీద వెనకంతా ఒకే ఎరుపు. దిగంతం లేదు, నీడ లేదు, పగలు రాత్రి తేడా లేదు. సిరిసిల్లలో ఎక్కువగా ఉన్న పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వాళ్లు వాడే పటాలూ ఇదే కుటుంబానివి. వేములవాడకు దగ్గరి బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం బొమ్మల్లోనూ నిండు బొట్టు, పసుపు, ముదురు రంగుల చీరలతో మనుషులే మొత్తం ఆక్రమిస్తారు, వెనక ఆకాశం విస్తరించి కనబడదు. పటంలోని ఆ ఎరుపును సంధ్య ఎరుపని నేను లాక్కురాను, అది ఏ వేళకూ చెందని ఎరుపు. కానీ ఆ పటంలో వేళ ఎట్లా తెలుస్తుంది? బొమ్మలోని మనుషులు ఏం చేస్తున్నారో చూస్తేను, పక్కన నిలబడి కట్టెతో చూపిస్తూ కథకుడు చెబితేను. చిత్రసూత్రం చెప్పిన పద్ధతే ఇక్కడా కనబడుతోంది. సిద్దిపేట చిత్రకారుడు కాపు రాజయ్య నకాషీ నుంచి నేర్చుకుని బతుకమ్మలు, బోనాలు, పల్లె పనులు వేసినప్పుడు ఆ పద్ధతినే ఆధునిక చిత్రంలోకి తెచ్చాడు. ప్రకృతి దృశ్యం లేకపోవడం నా వాదనకు అడ్డం కాదు. మనుషులను విడదీసి ప్రకృతిని చూడని కంటికి అది సాక్ష్యం.

మనవాళ్లూ బొంబాయి జె.జె. స్కూల్లో విదేశీ పద్ధతే నేర్చుకున్నారు కదా అనేవాళ్లకు చిన్న జవాబు చాలు. రాజమండ్రిలో దామెర్ల రామారావు (1897–1925) అదే స్కూల్లో చదివి గోదావరి దృశ్యాలు వేశాడు. అతణ్ణి ప్రోత్సహించిన ఆంగ్లేయుడు, రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే స్వయంగా అతనికి అజంతా దారి చూపించాడు. కరీంనగర్ ప్రాంతపు అన్నారంలో పుట్టిన పి.టి. రెడ్డి (1915–1996) కూడా జె.జె.లోనే చదువుకుని, 1940ల తొలినాళ్లలో బొంబాయి యువ చిత్రకారుల్లో పేరు తెచ్చుకుని, తర్వాత హైదరాబాదుకు వచ్చి తనదైన దారి పట్టాడు. దూరాన్ని, వెలుగును ఎట్లా పట్టుకోవాలో బడి నేర్పింది. ఆ వెలుగులో ఎవరిని నిలబెట్టాలో బడి నేర్పదు.

మూడో అభ్యంతరానికి మాత్రం నేను కొంత తలవంచక తప్పదు. మందలు తిరిగొచ్చే ఊళ్లు ఇప్పుడెక్కడున్నాయి, మీరు చెబుతున్నది పాత బొమ్మల పాత సంధ్య అనొచ్చు. నిజమే, నాగళ్ల స్థానంలో ట్రాక్టర్లు వచ్చాయి. ఆవులమంద, గుడిసె, పొగ వేసి దాన్నే తెలంగాణ మాపటేళ అనే బొమ్మలు నాకూ నచ్చవు. క్యాలెండర్ల నుంచి దిగుమతైన కొబ్బరిచెట్ల సూర్యాస్తమయాలు అంతకన్నా అన్యాయం. ఈ నేల దిగంతం మీద నల్లగా నిలబడేవి తాళ్లు, ఈదులు. మోకు, ముస్తాదు కట్టుకుని గీత కార్మికుడు పొద్దునా మాపునా ఎక్కే చెట్లు, లొట్లు వేలాడే చెట్లు అవి. అయినా గడప దాటడం ఆగిపోలేదు, దాటేవాళ్లు మారారు. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, పగలూ రాత్రీ నడుస్తాయి. సాయంత్రం ఒకే వీధిలో పగటి షిఫ్టు దిగినవాళ్లు ఇంటికి, రాత్రి షిఫ్టు ఎక్కేవాళ్లు పనికి ఎదురెదురుగా నడుస్తారు. కృష్ణుడి మంద ఒకే దిక్కుకు పోయేది, ఈ వీధి రెండు దిక్కులకూ పోతుంది. ఇది బొమ్మకు ఎక్కాల్సిన సంధ్య.

వెలుగు కూడా తలకిందులైంది. పాత సందెబొమ్మల్లో ఆకాశం చల్లటి నీలం, కిటికీలో దీపం వెచ్చటి పసుపు. ఇంటి వెచ్చదనాన్ని చెప్పడానికి చిత్రకారులు ఆ తేడాను ఎంతో కాలం వాడుకున్నారు. ఇప్పుడు సాంచాల షెడ్డులో, కిరాణా కొట్టులో, ఇంటి వసారాలో వెలిగేది తెల్లటి ట్యూబులైటు లేదా ఎల్ఈడీ. పడమర ఇంకా నారింజగా ఉండగానే కింద తెల్లటి వెలుగు పరుచుకుంటుంది. వెచ్చటి రంగు బయటికి పోయింది, చల్లటి రంగు ఇంట్లోకి వచ్చింది. పాత సూత్రాన్ని పట్టుకుని కిటికీకి పసుపు పూసే చిత్రకారుడు ఇవాళ్టి సిరిసిల్లను చూడటం లేదు.

అన్నిటికన్నా పెద్ద మార్పు దుబాయ్. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఊళ్ల నుంచి గల్ఫ్‌కు పోయిన మగవాళ్లు లేని వాడ లేదు. సాయంత్రమంటే ఇంటికి తిరిగి రావడం అనుకున్న చోట, ఏళ్ల తరబడి తిరిగి రాని మనుషులున్నారు. జగిత్యాలకూ దుబాయ్‌కీ రేఖాంశాల్లో తేడా దాదాపు 24 డిగ్రీలు, అంటే మన పొద్దు వాలిన సుమారు గంటన్నరకు అక్కడి పొద్దు వాలుతుంది. ఇక్కడ దీపం పెట్టే వేళకు అక్కడి మనిషి ఇంకా ఎండలో పనిచేస్తుంటాడు. ఇది విషాదపు సంధ్యే కదా, మొదట్లో కాదన్న అర్థమే తిరిగొచ్చింది కదా అంటే, రాలేదనే నా జవాబు. టర్నర్ ఓడ మళ్లీ రాదు, దాని సంధ్య ముగిసిన దాన్ని గురించింది. ఈ ఇళ్ల సంధ్య ఇంకా ముగియని దాన్ని గురించింది: డబ్బు రావాలి, అప్పు తీరాలి, వీసా గడువు అయ్యాక మనిషి దిగాలి. అలాంటి ఇంటిని గీసే చిత్రకారుడికి కొత్త ఆకాశం అక్కర్లేదు. అరుగు మీద అత్త, గడపలో కోడలు, ఆమె చేతిలో మోగాల్సిన ఫోను, గోడకు ఆనించి ఏడాదిగా ఎవరూ తీయని మోటారు సైకిలు: వీటిలో దేన్ని ముందుకు తేవాలి, దేన్ని చీకట్లో ఉంచాలి అన్నదే అతను తేల్చుకోవాల్సింది.